అలాస్కాలో గ్లేసియర్ దాకా కనూ, నడక: అమ్మానాన్నలను తీసుకెళ్లొచ్చా?

హాలియా_శ్రీను

అందరికీ నమస్తే. మా అక్క సియాటిల్‌లో ఉంటుంది. వచ్చే జూలైలో నన్ను, అమ్మానాన్నలను రమ్మంటోంది. అక్కడి నుంచి అందరం కలిసి అలాస్కా క్రూజ్‌కు వెళ్దామని ప్లాన్. మధ్యలో స్కాగ్‌వే అనే ఊళ్లో ఓడ పగలంతా ఆగుతుంది. ఆ రోజు గైడుతో డేవిడ్‌సన్ గ్లేసియర్‌కు, అంటే కొండ మీది నుంచి మెల్లగా జారే పెద్ద మంచు మేట దగ్గరికి, వెళ్లే ట్రిప్ ఒకటి చూశాం. ముందు మోటారు బోటు, తర్వాత అడవిలో నడక, ఆ తర్వాత మంచు కరిగి ఏర్పడిన చెరువులో కనూ (తెడ్లతో నడిపే పొడవాటి పడవ) మీద గ్లేసియర్ ఎదురుగా వెళ్లడం.

నాన్నకు 63, అమ్మకు 57. నాన్న ఎడమ కాలువ కింద వరి చేస్తాడు, రోజూ గట్ల మీద తిరిగే మనిషి. సలేశ్వరం జాతరకు లోయ దిగి మళ్లీ ఎక్కాడు, ఎక్కడా ఆగలేదు. అమ్మకు బీపీ ఉంది, మాత్రతో కంట్రోల్‌లోనే ఉంది. ఇద్దరికీ ఈత రాదు. అమ్మ చీర తప్ప ఇంకోటి కట్టలేదు.

ఒక ట్రావెల్స్ వాళ్లను అడిగితే "అరవై దాటినవాళ్లకు ఇవెందుకు సార్, ఓడలోనే కూర్చోబెట్టండి" అన్నారు. నాకు ఆ మాట అస్సలు నచ్చలేదు. సాగర్ గేట్లు ఎత్తారని తెలిస్తే పని ఆపేసి వెళ్లి చూసే మనిషి మా నాన్న. అంత దూరం తీసుకెళ్లి కిటికీలోంచి చూపించాలంటే మనసొప్పడం లేదు. వెళ్లొచ్చినవాళ్లు ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

జడ్చర్ల_సుజాత

శ్రీనూ, మేం ఇదే ట్రిప్‌కు మా అత్తమ్మను తీసుకెళ్లాం. ఆమెది మీ నాన్నగారి వయసే. కాస్త వివరంగా రాస్తాను.

స్కాగ్‌వే లిన్ కెనాల్ అనే సముద్రపు పాయకు ఉత్తరపు కొసన ఉంటుంది. పేరుకు కెనాలే గానీ మనుషులు తవ్వింది కాదు. ఆ పాయలో బోటు మీద దక్షిణంగా వెళ్తే గ్లేసియర్ పాయింట్ అనే ఒడ్డు వస్తుంది. ఊగుడుకు కడుపులో తిప్పే మనుషులైతే మాత్ర ముందే వేసుకోవాలి. గాలి లేచిన రోజు ఆ పాయలో అలలు బాగానే ఉంటాయి. గాలి మరీ ఎక్కువైతే ట్రిప్పే రద్దు చేస్తారు.

ఒడ్డున గులకరాళ్ల మీదికి దిగాలి. అక్కడే రబ్బరు బూట్లు, వాన కోటు, ప్యాంటు, లైఫ్ జాకెట్ ఇచ్చారు. మా అత్తమ్మకు మొదట ఇచ్చిన బూట్లు వదులైతే గైడు అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని ఇంకో జత తొడిగి, నాలుగడుగులు నడిపించి చూసింది. ఆ ఓపిక చూశాకే నాకు సగం టెన్షన్ పోయింది.

నడక చాలా వరకు చదునుగానే ఉంటుంది. దారి పొడవునా నాచు పట్టిన పెద్ద చెట్లు, నేలంతా తడి. డెవిల్స్ క్లబ్ అని వెడల్పాటి ఆకుల మొక్క ఒకటుంది. కాడ నిండా సన్నటి ముళ్లు. జారితే ఆసరాకు దాన్ని పట్టుకోవద్దని ముందే చెప్తారు. ఎలుగుబంట్లు తిరిగే చోటు కాబట్టి గైడు గట్టిగా మాట్లాడుతూ నడుస్తుంది. మనుషులు వస్తున్నారని దానికి ముందే తెలిస్తే పక్కకు పోతుంది. విడిగా ఎవరూ ముందుకు పరుగెత్తకూడదు, జేబులో తినేవి పెట్టుకోకూడదు.

అడవి దాటగానే చెరువు కనిపిస్తుంది. నీళ్లు తేటగా ఉండవు, పాలు కలిపినట్టు బూడిద రంగులో ఉంటాయి. కనూ పొడుగ్గా ఉంటుంది, పది పన్నెండు మంది పడతారు. అందరికీ తెడ్లు ఇస్తారు. ఎదురుగాలి ఉంటే వాడుకోవడానికి వెనక చిన్న మోటారు కూడా ఉంది. మాకు ఎదురుగాలే వచ్చింది. గ్లేసియర్ మీది నుంచి కిందికి దిగే ఆ గాలి ముఖానికి సూదుల్లా తగిలింది. చలి అంటే నాకు అప్పుడే తెలిసింది.

తేలుతున్న మంచు ముక్కల దగ్గర గైడు తెడ్లు ఆపించి మాట్లాడొద్దంది. చిటపటమని సన్నటి చప్పుడు. మంచులో ఎప్పుడో ఇరుక్కున్న గాలి బుడగలు కరిగేటప్పుడు పగులుతున్నాయట. అత్తమ్మ చెవి అటు పెట్టి చాలాసేపు విన్నది. ఇప్పటికీ ఇంటికి ఎవరొచ్చినా ముందు ఆ సంగతే చెప్తుంది.

తప్పకుండా తీసుకెళ్లండి.

పాలమూరు_నవీన్

శ్రీనన్నా, బాధ పడకు, ఒక మాట అడుగుతా. గ్లేసియరే చూడాలంటే అలాస్కా దాకా ఎందుకు? గంగోత్రి వెళ్లి గోముఖ్ చూపించు. పుణ్యానికి పుణ్యం, ఖర్చు పదో వంతు కూడా ఉండదు. పెద్దవాళ్లకు గంగ పుట్టేచోటు చూశామన్న తృప్తి కూడా ఉంటుంది.

అచ్చంపేట_మాస్టారు

నవీన్ ఉద్దేశం మంచిదే. కానీ ఈ ఇద్దరి విషయంలో గోముఖ్ తేలిక కాదు, కష్టం. గంగోత్రి ఊరే సముద్ర మట్టానికి మూడు వేల మీటర్ల పైన ఉంది. గోముఖ్ దాదాపు నాలుగు వేల మీటర్లు. గంగోత్రి నుంచి ఒకవైపే సుమారు 18 కిలోమీటర్లు నడవాలి, మధ్యలో భోజ్‌బాసాలో రాత్రి ఉండాలి. రోజుకు 150 మందికే పర్మిట్ ఇస్తారు. అంత ఎత్తులో గాలి పలచబడి తలనొప్పి, వాంతులు, ఆయాసం వస్తాయి. ఎంత గట్టి మనిషికైనా రావచ్చు. బీపీ ఉన్న అమ్మకు అది చిన్న విషయం కాదు.

అలాస్కాలో ఆ ఇబ్బంది లేదు. అక్కడి మంచు దాదాపు సముద్ర మట్టం దాకా దిగి వస్తుంది. కొండ మీద కురిసే మంచు విపరీతం. ఎండాకాలంలో కరిగేదాని కన్నా చలికాలంలో పడేదే ఎక్కువైతే ఏటికేడు పొరలు పేరుకుంటాయి. కింది పొరల్లోని గాలి చాలా వరకు బయటికి పోయి అవి గట్టి మంచుగడ్డ అవుతాయి. ఆ గడ్డ తన బరువుకు తానే మెల్లగా లోయలోకి జారుతుంది. అదే హిమానీనదం. మనం హిమాలయాల్లో పైకి ఎక్కి చూడాల్సింది అక్కడ కిందనే నిలబడి చూడొచ్చు. పెద్ద వయసు వాళ్లకు ఇంతకన్నా అనువైన గ్లేసియర్ దొరకడం కష్టం.

సుజాతమ్మ చెప్పిన బూడిద రంగు నీళ్ల గురించి కూడా చెప్పాలి. జారే మంచు తన కింది రాయిని అరగదీస్తుంది. ఆ రాతి పిండి ఎంత సన్నగా ఉంటుందంటే నీళ్లలో అడుక్కి దిగకుండా తేలుతూనే ఉంటుంది. లిన్ కెనాల్ కూడా పూర్వం గ్లేసియర్లు చెక్కిన లోయే, తర్వాత సముద్రం నిండింది. లోతు కొన్ని చోట్ల 600 మీటర్లు దాటుతుంది. మన సాగర్ డ్యామ్ ఎత్తు 124 మీటర్లు. మీ నాన్నగారికి బోటులో ఈ లెక్క చెప్పు శ్రీనూ, ఆయనకు వెంటనే అర్థమవుతుంది.

గట్టి మంచు నీలంగా కనిపించడానికి కారణం, అది వెలుతురులోని ఎరుపును పీల్చుకుని నీలాన్ని వదలడం. మబ్బు పట్టిన రోజు నీలం ఇంకా బాగా తెలుస్తుంది. కాబట్టి ఎండ లేదని దిగులు పడక్కర్లేదు.

హాలియా_శ్రీను

మాస్టారూ, ఎత్తు సంగతి నాకు తట్టనేలేదు. చాలా థ్యాంక్స్. సుజాతక్కా, అమ్మకు మీ పోస్టు చదివి వినిపించాను. మంచు చప్పుడు సంగతి రెండోసారి చదివించుకుంది. కానీ ఈత రాదన్న భయం మాత్రం పోలేదు.

నల్గొండ_డాక్టర్

ఈత గురించి అడిగారు కాబట్టి వైద్యుడిగా చెప్తున్నాను. ఆ నీళ్లలో ఈత వచ్చినవాడికీ రానివాడికీ తేడా చాలా తక్కువ. కాపాడేది లైఫ్ జాకెట్.

అంత చల్లటి నీళ్లలో పడితే మొదటి నిమిషం ఊపిరి మన చేతిలో ఉండదు. గబగబా ఎగశ్వాస వస్తుంది, గుండె వేగం, బీపీ ఒక్కసారిగా పెరుగుతాయి. నోరు నీళ్లలో ఉంటే ఆ క్షణంలోనే మింగేస్తారు. జాకెట్ తలను పైకి పట్టి ఉంచితే ఆ నిమిషం గడిచిపోతుంది. తర్వాత సుమారు పది నిమిషాలు చేతులు, కాళ్లు మాట వింటాయి. ఆపైన పట్టు తప్పుతుంది. ఒళ్లు పూర్తిగా చల్లబడి స్పృహ తప్పడానికి దాదాపు గంట పడుతుంది. అంటే జాకెట్ ఉండి, పక్కన గైడు ఉంటే బయటికి తీయడానికి సమయం ఉంది. లేకపోతే లేదు. అందుకే ఫోటో కోసమైనా బకిల్ విప్పొద్దు. గైడు లేకుండా అలాంటి చెరువులో దిగే ఆలోచన ఎవరికీ వద్దు.

అమ్మగారి విషయం. చలికి రక్తనాళాలు బిగుసుకుని బీపీ కాస్త పెరుగుతుంది, కాబట్టి ఆ రోజు మాత్ర మానకూడదు. ఇది ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, మూత్రం ఎక్కువ వచ్చే మాత్ర వేసుకునే ఆడవాళ్లు ప్రయాణం రోజు దాన్ని మానేసి, నీళ్లు తాగడం కూడా తగ్గిస్తారు. మా దగ్గరికి అలా వచ్చి కళ్లు తిరిగి పడినవాళ్లు చాలామంది. టైమ్ మార్చుకోవాలంటే మీ డాక్టరును ముందే అడగండి. బయల్దేరడానికి నెల ముందు ఒకసారి ఈసీజీ తీయించండి. షుగర్ ఉన్నవాళ్లయితే రబ్బరు బూటు ఒరిసి పుండు పడకుండా మందపాటి సాక్సులు వేసుకోవాలి.

ఇంకొకటి. వణుకు, మాట ముద్దగా రావడం, వేళ్లతో గుండీ పెట్టుకోలేకపోవడం కనిపిస్తే వెంటనే గైడుకు చెప్పండి. మన పెద్దవాళ్లు "ఏం లేదు బిడ్డా, బాగానే ఉన్న" అంటారు. వాళ్ల మాట వినకండి, వేళ్లు చూడండి.

మిర్యాలగూడ_రవి

వీసా సంగతి ఎవరూ చెప్పలేదు. సియాటిల్ నుంచి ఎక్కుతున్నారు కాబట్టి అమెరికా వీసా ఒక్కటే చాలనుకుంటారు. ఓడ దాదాపు కచ్చితంగా కెనడాలోని విక్టోరియాలో ఆగుతుంది. 1886 నాటి అమెరికా చట్టం వల్ల విదేశీ జెండా మీద నడిచే ఓడ, అమెరికా రేవులో ఎక్కిన ప్రయాణికులను ఇలా తిప్పి తేవాలంటే మధ్యలో వేరే దేశం రేవును తాకాలి. కాబట్టి మీ ముగ్గురికీ కెనడా విజిటర్ వీసా కూడా కావాలి. మీ అక్కకు గ్రీన్ కార్డు ఉంటే ఆమెకు అక్కర్లేదు, ఇండియన్ పాస్‌పోర్టుతో వర్క్ వీసా మీద ఉంటే ఆమెకూ కావాలి. అమెరికా వీసా మల్టిపుల్ ఎంట్రీయా కాదా చూసుకోండి, ఎందుకంటే కెనడా నుంచి మళ్లీ అమెరికాలోకి వస్తారు. ఇంటర్వ్యూ మన హైదరాబాద్‌లోనే, నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో. జూలై ప్రయాణమైతే ఇప్పుడే మొదలుపెట్టాలి.

ట్రిప్‌ను ఓడ వాళ్ల ద్వారానే బుక్ చేయండి. ధర కాస్త ఎక్కువైనా, వాళ్ల ట్రిప్ ఆలస్యమైతే ఓడ మీ కోసం ఆగుతుంది. బయట బుక్ చేసుకుని ఆలస్యమైతే ఓడ వెళ్లిపోతుంది. ఇన్సూరెన్స్‌లో హెలికాప్టర్‌తో ఆసుపత్రికి తరలించే ఖర్చు ఉందో లేదో చదవండి. అక్కడి ఊళ్లు చిన్నవి, పెద్ద ఆసుపత్రి పక్కనే ఉండదు.

సోమశిల_పుట్టి

మాది సోమశిల. మా తాతల నుంచి కృష్ణలో పుట్టి వేసేవాళ్లం. నేను కొన్నేళ్లు ఉత్తరాదిన ఒక రిసార్టులో కనూ గైడుగా పనిచేశాను కాబట్టి రెండూ తెలుసు.

పుట్టి గుండ్రంగా ఉంటుంది. ముందుకు వంగి తెడ్డుతో నీళ్లను మన వైపు లాక్కోవాలి, లేకపోతే ఉన్నచోటే తిరుగుతుంది. కనూ పొడుగు. తెడ్డు పక్కన ముంచి వెనక్కి నెట్టాలి, నేరుగా పోతుంది. దిశ చూసుకునేది వెనక కూర్చున్న గైడు. మీ నాన్న చేయాల్సిందల్లా ముందున్న మనిషి భుజం చూసి అదే తాళంలో వేయడం. ఒక చేయి తెడ్డు పై కొసను మూసి పట్టాలి, రెండో చేయి కింద. చాలామంది రెండు చేతులూ కర్రకే పట్టి కాసేపట్లో భుజం నొప్పి తెచ్చుకుంటారు. బలం చేతుల్లోంచి కాదు, నడుము తిప్పడంలోంచి రావాలి. పార పట్టే రైతుకు ఇది చెప్పకుండానే వస్తుంది.

ప్రమాదం ఎక్కేటప్పుడూ దిగేటప్పుడే ఎక్కువ. అడుగు కనూ మధ్య గీత మీద పడాలి, అంచు మీద కాదు. రెండు అంచులూ పట్టుకుని వంగి నడిచి కూర్చోవాలి. ఎక్కాక లేవకూడదు. ఏదైనా బాగుందని ఒకరు చూపిస్తే అందరూ ఒకే వైపు వాలతారు చూడండి, అది అస్సలు చేయకూడదు. తల తిప్పండి, నడుము వంచకండి.

భువనగిరి_రాక్

ఎండదేశం వాళ్లం, చలి తట్టుకోలేం అని ఎవరైనా అంటే ఒకటి గుర్తు చేయండి. మలావత్ పూర్ణ మా భువనగిరి గుట్ట మీదే రాక్ క్లైంబింగ్ నేర్చుకుంది. తర్వాత డార్జిలింగ్, లడఖ్‌లో శిక్షణ తీసుకుని 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది, పద్నాలుగేళ్లు కూడా నిండకుండానే. చలిని ఓర్చుకోవడం నేర్చుకుంటే వస్తుంది. సరైన బట్టలుంటే అలాస్కా జూలై చలి ఏ లెక్కా కాదు.

పాలమూరు_నవీన్

సరే, గోముఖ్ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ గ్లేసియర్ ముందు భాగం విరిగి పడుతుందని వీడియోల్లో చూశా. కనూ దాని కిందికి వెళ్తే ఎలా?

అచ్చంపేట_మాస్టారు

కిందికి వెళ్లరు, వెళ్లకూడదు. మంచు గోడ ఎంత ఎత్తుందో దానికి కనీసం రెండింతల దూరంలో ఉండాలన్నది అక్కడ తరచూ చెప్పే మాట, చాలామంది గైడ్లు ఇంకా ఎక్కువే పాటిస్తారు. ముక్క పడటం ఒక్కటే కాదు, పడ్డాక లేచే అల కూడా ప్రమాదమే. తేలే మంచుగడ్డల్ని కూడా నమ్మరాదు. పదింట తొమ్మిది వంతులు నీళ్ల కిందే ఉంటుంది. కరిగి బరువు మారితే ఒక్కసారిగా బోర్లా పడుతుంది. కాబట్టి పెద్ద గడ్డ పక్కకు వెళ్లి ముట్టుకుంటానని నాన్నగారు మారాం చేసినా ఒప్పుకోవద్దు. చిన్న ముక్కను గైడు అందుకుని చేతికిస్తే చాలు.

జూనో ఊరి పక్కన మెండెన్‌హాల్ గ్లేసియర్ చెరువులోనూ ఇలాంటి కనూ ట్రిప్పులున్నాయి. మీ ఓడ జూనోలో కూడా ఆగితే అది రెండో అవకాశం. అయితే అక్కడ మంచు అడ్డుకట్టగా నిలిచిన ఒక పక్కలోయలో నీళ్లు నిండి, 2011 నుంచి దాదాపు ఏటా ఉన్నట్టుండి ఖాళీ అవుతున్నాయి. 2023, 2024 ఆగస్టుల్లో ఆ వరద ఇళ్లలోకి కూడా వచ్చింది. హెచ్చరిక ఉన్న రోజుల్లో ఆ చెరువు వైపు వెళ్లనివ్వరు. జూలై, ఆగస్టుల్లో వెళ్లేవాళ్లు స్థానిక ప్రకటనలు చూసుకోవాలి.

మంచు ఏటా వెనక్కి పోతోంది. డేవిడ్‌సన్ 19వ శతాబ్దంలో సముద్రపు ఒడ్డుకు చాలా దగ్గరగా ఉండేది. ఇప్పుడు మీరు అడవిలో నడిచే నేలంతా అది మోసుకొచ్చి పోసిన రాయీ మట్టే. చూడగలిగినవాళ్లు ఇప్పుడే చూడాలన్నది నా అభిప్రాయం.

హాలియా_శ్రీను

అమ్మతో చీర సంగతి మాట్లాడాను. "నలుగురిలో ప్యాంటు వేసుకుని తిరగలేను" అంటోంది. బలవంతం చేయడం నాకు ఇష్టం లేదు. చీర మీదనే వాన కోటు వేస్తే కుదరదా?

కల్వకుర్తి_పద్మ

కుదరదు తమ్ముడూ. మా అమ్మ ఐస్‌లాండ్‌లో ఇదే పట్టుబట్టింది, అందుకే చెప్తున్నా. రబ్బరు బూటులోకి కుచ్చిళ్లు పోవు. తడిసిన అంచు కాళ్లకు చుట్టుకుంటుంది. కనూ ఎక్కేటప్పుడు కాలు చాపి మధ్యలో పెట్టాలి, చీరతో అది జరగదు. నీళ్లలో పడితే అంత గుడ్డ బరువు ఇంకో ప్రమాదం. పైగా కాటన్ తడిస్తే ఆరదు, ఒంట్లో వేడినంతా లాగేస్తుంది.

నేను ఏం చేశానంటే, ముందు ఒంటికి అంటుకునే ఉన్ని లోపలి బట్టలు కొన్నాను. వాటి మీద వదులైన సింథటిక్ సల్వార్, మోకాళ్ల కింది దాకా వచ్చే కమీజు కుట్టించాను. ఇంట్లోనే సాయంత్రాలు వేసుకుని మేడ మీద నడిచింది. ఎవరూ చూడని చోట అలవాటైతే బయట బెరుకు ఉండదు. పైన ఫ్లీస్ (మెత్తటి వెచ్చటి జాకెట్), దాని మీద వాళ్లిచ్చే వాన కోటు, ప్యాంటు. అవన్నీ వేశాక ఆడా మగా అందరూ ఒకేలా కనిపిస్తారు, లోపల ఏముందో ఎవరికీ తెలియదు. ఓడలో రాత్రి భోజనానికి హాయిగా పట్టుచీర కట్టుకుంది. అమ్మకు ఆ మాట కూడా చెప్పు.

చెవులు మూసే ఉన్ని టోపీ, గ్లవ్స్ రెండు జతలు మర్చిపోవద్దు. తెడ్డు వేసేటప్పుడు ఒక జత ఎలాగూ తడుస్తుంది. టాయిలెట్ కనూ ఎక్కే ముందే, అవసరం లేకపోయినా వెళ్లి రమ్మను. మధ్యలో ఆపడం ఉండదు.

హాలియా_శ్రీను

పద్మక్కా, అమ్మ "పట్టుచీర ఓడలో కట్టనిస్తరా" అని అడిగి మెత్తబడింది. రేపు టైలర్ దగ్గరికి వెళ్తున్నాం. కెనడా వీసాకు కాగితాలు తీస్తున్నాను. డాక్టర్ గారు చెప్పినట్టు ఈసీజీ అయ్యాకే డబ్బులు కడతాను. ఇక మిగిలింది నాన్న మోకాలు. మెట్లు దిగేటప్పుడు కుడి మోకాలు కొద్దిగా నొప్పి అంటాడు. గులకరాళ్ల ఒడ్డున ఇబ్బందా?

జడ్చర్ల_సుజాత

నడకలో కన్నా ఆ రాళ్ల మీదే ఇబ్బంది. మడిచే చేతికర్ర ఒకటి తీసుకెళ్లండి, కనూలోకి తీసుకెళ్లొచ్చో లేదో గైడును అడిగితే చెప్తారు. కనూలో మోకాళ్లు మడిచి కూర్చోనక్కర్లేదు, బెంచీలాంటి పలక ఉంటుంది. బుక్ చేసేటప్పుడే వయసు, బీపీ, మోకాలు అన్నీ రాయండి. దాచిపెడితే గైడు సాయం చేయలేరు.

సోమశిల_పుట్టి

శ్రీనన్నా, దానికి ముందు ఇద్దరినీ ఒకసారి మా ఊరికి తీసుకురండి. లైఫ్ జాకెట్లు ఉన్న బోటు మాట్లాడతాను. నీళ్లు నిలకడగా ఉన్న ఉదయం పూట ఒడ్డు పక్కనే ఎక్కడం, దిగడం, తెడ్డు పట్టడం చేయిస్తాను. జాకెట్ వేసుకుని మోకాలి లోతు నీళ్లలో అమ్మను ఒకసారి వెల్లకిలా తేలనిస్తే, అది తనను మోస్తుందని తనకే తెలుస్తుంది. ఈ భయానికి అంతకన్నా మంచి మందు నేను చూడలేదు.

హాలియా_శ్రీను

వస్తాం అన్నా. వరి కోతలయ్యాక మొదటి ఆదివారం. నాన్నకు ఇప్పుడే చెప్పాను, పొద్దున ఎన్ని గంటలకు బయల్దేరాలి అని అడుగుతున్నాడు.

సోమశిల_పుట్టి

కొల్లాపూర్ మీదుగా రండి. ఎనిమిదిన్నర లోపు ఒడ్డుకు చేరితే గాలి లేవకముందే అయిపోతుంది. ఇద్దరికీ మార్చుకునే బట్టలు పెట్టుకోండి.